కత్తిసాము ఒజ్జలు

కత్తి చేయు పని రెండు విధములు. వాదరతో కొట్టినచో వేటు. మొనతో పొడిచినచో పోటు. తెలుగున ఈ రెంటికి రెండు మాటలుండుట మనకొక సౌకర్యము. ఐరోపా ఖండపు కత్తిసామును గూర్చి వ్రాసిన పండితులు పుటలకొలది వివరించిన భేదమును మనము రెండు మాటలలో చెప్పుకొనగలము. మధ్యయుగములలో ప్రధానమై యుండిన వేటు, 16వ శతాబ్దినుండి క్రమక్రమముగా పోటునకు చోటిచ్చినది. స్థూలముగా ఇదియే ఆ విద్య కథ.

కాని ఈ రెంటికిని వెనుక మూడవ మాట యొకటి కలదు. అది కాపు. అనగా ఎదిరి కత్తి తన మేనికి తగులకుండ కాచుకొనుట. చేత కత్తి గలవాడెవ్వడైనను మఱియొకనిని చంపగలడు; అందులకు గురువక్కరలేదు. తాను చావకుండుటయే నేర్చుకొనవలసిన విద్య. ఈ విద్యను జీవనోపాధిగా జేసికొని ఆరేడు వందల యేండ్లు ఇతరులకు నేర్పిన ఒజ్జలను గూర్చి నేడు ముచ్చటింతము. వారిని లోకము కొన్నాళ్లు చెఱసాలలో వేసినది. కొన్నాళ్లు పల్లకి నెక్కించినది. వారు నేర్పినది చంపుటయా, బ్రతుకుటయా యను ప్రశ్న మాత్రము ఆదినుండియు వారి వెంట నంటి వచ్చినది.

మొట్టమొదట వారికి లభించినది అనుమానమే. 1285లో ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు లండను నగరమునకు కొన్ని శాసనములు చేసెను. నగరపు టెల్లలలో కత్తి డాళ్ల సాము నేర్పు బడిని ఎవ్వరును నడుపరాదనియు, నడిపినవారికి నలువది దినములు చెఱయనియు అందొకటి విధించినది. దుర్బుద్ధులు ఈ విద్య నేర్చి మఱింత తెగువతో తప్పులు చేయుచున్నారని పాలకుల వాదము. ఈ ఫిర్యాదు ఆ తరువాతి శతాబ్దులన్నిటను ఏదో యొక రూపమున వినబడుచునే యుండెను.

ఇట్లుండగా, నేటికి నిలిచియున్న ఐరోపా కత్తిసాము గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైన దానియందు గురువుగా కనబడువాడు ఒక క్రైస్తవ మతాచార్యుడగుట విశేషము. 14వ శతాబ్ది ప్రథమార్ధమున జర్మను దేశమున పుట్టిన ఈ లాటిను వ్రాతప్రతి నేడు ఇంగ్లండులోని లీడ్సు నగరమున రాయల్ ఆర్మరీస్ ప్రదర్శనశాలలో కలదు. పుటపుటను రంగుల బొమ్మలు. తల గొరిగించుకొన్న ఆచార్యుడొకడు, విద్యార్థి యొకడు. ఇరువురికిని కుడిచేత కత్తి, ఎడమచేత పిడికిట బట్టు చిన్న డాలు. పాఠము వేటుతో మొదలు కాదు, నిలుకడతో మొదలగును. నిలుకడలు ఏడు. ఎదిరి ఏ నిలుకడలో నున్నాడో చూచి, దానికి తగిన ఎదురునిలుకడను పట్టవలెను. తుదిపుటలలో వాల్పుర్గిస్ అను పేరుగల స్త్రీ యొకతె కత్తి, డాలు ధరించి ఆచార్యునితో సమముగా సాముచేయుచు కనబడును.

ఆ కాలముననే జర్మను దేశమున లీఖ్టెనావర్ అను ఒజ్జ తన విద్యనంతయు పద్యములుగా కట్టెనని ఆయన శిష్యపరంపర చెప్పినది. ఆ పద్యములు ఊరక వినినవారికి అర్థము కావు. అట్లు కట్టుట బుద్ధిపూర్వకమే. విద్య అపాత్రుల పాలు గాకూడదని తలంపు. సూత్రమును కంఠస్థము చేయించి దాని యర్థమును గురుముఖముననే తెలియజేయు పద్ధతి మనకు క్రొత్తది కాదు. మన సూత్రములకు భాష్యములు పుట్టినట్లే 15వ శతాబ్దిలో ఈ పద్యములకును వ్యాఖ్యానములు పుట్టినవి. వ్యాఖ్యాతలే లేకున్నచో ఆ పద్యములు నేడు పొడుపుకథలుగా మిగిలియుండెడివి.

ఇటలీలో ఫియోరె దెయి లిబెరి అను ఒజ్జ 1410 ప్రాంతమున ఫెరారా ప్రభువగు నికొలో దెస్తె పేర ఒక సచిత్ర గ్రంథమును కూర్చెను. దాని పీఠికలో తన జీవితమును గూర్చి కొంత చెప్పుకొన్నాడు. తన విద్యను తోడి ఒజ్జలకు చూపనందున వారిలో కొందఱు తనపై పగబట్టిరనియు, ఐదుమారులు పరాయిచోట్ల, బంధువులు గాని మిత్రులు గాని తోడులేక, పదునుకత్తులతో వారిని ఎదుర్కొనవలసి వచ్చెననియు వ్రాసెను. అప్పుడు ఆయన మేన దూది కుట్టిన అంగీయు, చేతులకు తోలు తొడుగులును మాత్రమే ఉండినవి. ఐదుమారులును గాయపడక బయటపడెను. అయినను ఆయన ప్రగల్భములు పలుకలేదు. కవచము తొడిగి బరిలో మూడుమారులు పోరుటకన్న కవచము లేక పదునుకత్తితో ఒక్కమారు పోరుట ప్రమాదకరమని శిష్యులను హెచ్చరించెను. కవచధారి ఎన్ని దెబ్బలు తినియైనను గెలువవచ్చును. కవచము లేనివానికి ఒక్క కాపు తప్పినచో అదియే మరణము. చావును ఐదుమారులు ఎదుట చూచిన వాని నోట వెడలిన మాట గనుక దీనికి విలువ హెచ్చు.

15వ శతాబ్ది చివఱకు ఒజ్జలు సంఘములుగా ఏర్పడసాగిరి. 1487లో మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తి జర్మనీలోని మార్క్స్‌బ్రూడర్ అను ఒజ్జల సంఘమునకు అధికారపత్రము నిచ్చెను. ఒజ్జ యనిపించుకొనగోరినవాడు ఫ్రాంక్‌ఫర్టు తిరునాళ్లకు పోయి సంఘపెద్దల యెదుట పరీక్ష కాగవలెను. ఇంగ్లండులో 1540లో ఎనిమిదవ హెన్రీ లండను ఒజ్జలకు ఇట్టి అధికారమునే ప్రసాదించెను. అచట నాలుగు మెట్లు. శిష్యుడు, స్వతంత్రశిష్యుడు, ఉపాధ్యాయుడు, తుదకు ఒజ్జ. మెట్టు మెట్టునకు పరీక్ష. అదియు చాటుమాటున గాదు. సత్రముల ముంగిళ్లలో ఎత్తైన చెక్కమేడ కట్టి, నగరమెల్ల చూచుచుండగా, ఆయుధము వెంట ఆయుధముతో వరుసగా పలువురను ఎదుర్కొనవలెను. హస్తినలో ద్రోణుడు జరిపించిన కుమారాస్త్రవిద్యా ప్రదర్శనము మన శ్రోతలకు స్ఫురింపక మానదు. భేదమేమనగా, ఇచట పరీక్షితులు రాజకుమారులు గారు; పొట్టకూటికై విద్య నమ్ముకొన్న సామాన్యులు.

ఆ సామాన్యతయే వారికి చిక్కు తెచ్చిపెట్టినది. 1572లో ఇంగ్లండు పార్లమెంటు దేశదిమ్మరుల శాసనము చేసినపుడు, ప్రభువుల అండలేని కత్తిసాముకాండ్రను ఎలుగుబంట్ల నాడించువారితోను, వీథినటులతోను, పాటకాండ్రతోను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టినది. ఒకచేత రాజు ముద్రవేసిన అధికారపత్రము. మఱియొకచేత దేశదిమ్మరి యను పేరు. ఒజ్జ బ్రదుకు ఈ రెంటి నడుమ ఊగులాడుచుండెను.

ఆ బ్రదుకెట్టిదో యోహాఖిం మేయర్ కథ తెలుపును. స్విట్జర్లండులోని బాసెలు నగరమున పుట్టి స్ట్రాస్‌బర్గులో స్థిరపడిన ఈయన, వృత్తిచే చాకులు, కత్తులు చేయు కమ్మరి. దానితో పాటు సాము నేర్పెడివాడు. 1570లో చక్కని చెక్కదిమ్మ బొమ్మలతో గొప్ప గ్రంథమొకటి అచ్చువేయించెను. తోడి జర్మనులతో పెద్దకత్తి సాము చేయునపుడు పోటును వాడరాదను ఆచారమును ఆయన అందు ప్రస్తావించెను. వేటు దెబ్బ మానవచ్చును గాని పోటు ప్రాణము మీదికి వచ్చునని ఆ కట్టుబాటు. గ్రంథమునకై చేసిన అప్పులు మాత్రము ఆయన మెడకు చుట్టుకొన్నవి. 1571 నడిశీతకాలమున మెక్లెన్‌బర్గు ప్రభువు కొలువులో చేరుటకై ఉత్తరమున దూరముననున్న ష్వెరిను పట్టణమునకు బయలుదేరెను. ఫిబ్రవరిలో అచటికి చేరెను. రెండు వారములు తిరుగకముందే మరణించెను. స్ట్రాస్‌బర్గులో భార్యకు మిగిలినవి అప్పులు. ఆయన వెంట గొనిపోయిన పుస్తకముల కొరకు ఆమె పక్షమువారు ప్రభువునకు విన్నపములు పంపుకొనవలసి వచ్చెను. ఆ గ్రంథము 1600లో ఆగ్స్‌బర్గున మరల అచ్చుపడినది, నేటికిని చదువబడుచున్నది.

మేయర్ పోటును నిషిద్ధముగా చెప్పుచున్న కాలముననే ఇటలీలో పోటు సింహాసన మెక్కుచుండెను. కారణములు పెక్కు. తుపాకులు వచ్చుటతో యుద్ధమున కత్తికి తొల్లింటి ప్రాధాన్యము తగ్గినది. పట్టణమందలి పెద్దమనుష్యుడు కవచము లేకయే వీథిని నడుచుచు, నడుమున కత్తి కట్టుకొనుట మర్యాదగా నెంచెను. కవచము లేని మేనికి సన్నని మొన చాలును. ఆ విధముగా పుట్టిన పొడవైన, సన్ననైన కత్తికి రేపియరు అని పేరు వచ్చినది.

ఈ మార్పునకు శాస్త్రమును కట్టినవాడు కామిల్లో అగ్రిప్పా. ఈయన వృత్తిచే ఒజ్జ కాడు. మిలాను నగరమునుండి రోమునకు వచ్చిన ఇంజనీరు, గణితము నెఱిగినవాడు. 1553లో అచ్చువేసిన గ్రంథమున ఈయన పూర్వపు ఒజ్జల చిత్రవిచిత్రమగు నిలుకడలను త్రోసిపుచ్చి, చేయి యుండు తీరునుబట్టి నాలుగే నిలుకడలు నిర్ణయించి, వానికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెల పేర్లు పెట్టెను. రేఖాగణితపు బొమ్మలు గీచి చూపెను. వేటు గాలిలో విల్లువంపుగా దిరిగి రావలెను. పోటు తిన్నని గీత. రెండు చోట్ల నడుమ తిన్నని గీతయే దగ్గఱి దారి గదా! ఎవని మొన తిన్నగా ముందు చాపబడియుండునో వాడు ఎదిరికన్న ముందు చేరును. ఆ చాచిన మొనయే తనకొక కోటగోడ. స్పెయినులో కర్రాన్సా మొదలగువారు ఈ గణితమార్గమునే మఱింత దూరము కొనిపోయిరి.

ఇటలీ ఒజ్జలు తమ క్రొత్త విద్యతో ఐరోపా నగరములన్నిటికి వలస పోయిరి. అట్లు లండను చేరినవారిలో విన్చెన్జియో సావియోలో ఒకడు. 1595లో ఈయన ఇంగ్లీషులో ఒక గ్రంథము ప్రకటించెను. అందు మొదటి భాగము కత్తిసాము. రెండవ భాగము గౌరవమును గూర్చియు, గౌరవభంగము కలిగినపుడు పోరునకు పిలుచు మర్యాదలను గూర్చియు చెప్పునది. అనగా కత్తి నెట్లు పట్టవలెనో చెప్పిన గురువే, దానిని ఒరనుండి ఎప్పుడు దీయవలెనో కూడ చెప్పబూనెను. పెద్దయింటి పడుచువారికి ఇది నచ్చినది. షేక్స్‌పియరు ‘రోమియో జూలియట్’ నాటకమున మెర్క్యూషియో ఈ పరదేశపు పోటుల పేర్లను ఎగతాళి చేయును. తుదకు అట్టి పోటుననే ప్రాణము విడుచును.

నాటకమున జరిగినదే వీథులలోను జరిగినది. 1598 సెప్టెంబరులో కవియగు బెన్ జాన్సన్ లండను శివారు పొలములలో గాబ్రియేల్ స్పెన్సర్ అను నటుని రేపియరుతో చంపెను. లాటిను చదువగలవారికి ఆనాటి చట్టమిచ్చు మినహాయింపువలన ఉరినుండి తప్పించుకొనెను గాని, బొటనవ్రేలిపై కాల్చిన ముద్రను జీవితాంతము మోయవలసి వచ్చెను.

ఈ పరిస్థితిని చూచి మండిపడినవాడు జార్జి సిల్వర్ అను ఆంగ్ల గృహస్థుడు. 1599లో వెలువరించిన గ్రంథమును, సావియోలో తన గ్రంథమును అంకితమిచ్చిన ఎసెక్స్ ప్రభువునకే ఆయనయు అంకితమిచ్చెను. ఆయన కోపమునకు పరదేశద్వేషము కొంత కారణమగుట నిజమే. ఇటలీ ఒజ్జలను చెక్కమేడపై తనతోను తన సోదరునితోను పోరునకు రమ్మని ఊరంతయు ప్రకటనలు అంటించెను, వారు రాలేదు. కాని ఆయన వాదమున ఒక బలము కలదు. ఈ పొడవు కత్తి యుద్ధమున కక్కరకు రాదు. సైనికులు దగ్గఱగా నిలిచినపుడు దానిని దూయుటకే చోటుండదు. ఇక ఇద్దఱి నడుమ పోరునందు ఇది ఇద్దఱిని చంపును. ఏలన, దీనిని నేర్పువారు పొడుచుట నేర్పుచున్నారే గాని కాచుకొనుట నేర్పుటలేదు. కాపు లేని విద్య విద్యయే కాదని ఆయన మతము. ఇద్దఱును చచ్చు పోరాటమున ఎవరి విద్య గెలిచినట్లు? ఒజ్జల చరిత్రలో ఇంతకంటె పదునైన ప్రశ్నను మఱియెవ్వరును వేయలేదు.

ఫ్రాన్సు దేశమున ఈ ప్రశ్న ఇంకను భయంకరరూపము దాల్చినది. మాటకు మాట పెరిగి వీరు ప్రాణములు విడుచుచుండగా, రాజులు వరుసగా నిషేధములు చేసిరి. 1626లో రిషెల్యూ మంత్రిత్వమున కఠినశాసనము వచ్చినది. మరుసటి యేడే బూత్‌విల్ ప్రభువు, అంతకుముందు ఇరువదికి పైగా ద్వంద్వయుద్ధములు చేసెనని పేరుపడినవాడు, ఆ శాసనమును ధిక్కరించి పారిసు నడిబొడ్డున పట్టపగలు కత్తి దూసెను. 1627 జూనులో ఆయనకు శిరచ్ఛేదమైనది.

అయినను ఒజ్జలను రాజులు శిక్షింపలేదు. పైగా 1656లో పదునాలుగవ లూయీ పారిసు ఒజ్జల సంఘమునకు చిహ్నము నొసగి, ఇరువది యేండ్లు ఆ వృత్తి నడిపినవారిలో ఆరుగురు పెద్దలకు వంశపారంపర్యమగు కులీనహోదా నిచ్చెను. ఒక దేశమున దేశదిమ్మరి, మఱియొక దేశమున ప్రభువు! 1670లో మోలియేర్ తన ప్రహసనమున కత్తిసాము ఒజ్జను, సంగీత నృత్య గురువులను ఒక క్రొత్తధనికుని యింట చేర్చి, ఎవరి విద్య గొప్పదో యని వారిచే జగడమాడించెను. కోపము నణచుకొనుడని బోధింపవచ్చిన తత్త్వశాస్త్రపు పంతులు తానే తన్నులాటకు దిగును. ఆ నవ్వు వెనుక ఒక సత్యము కలదు. కత్తిసాము అప్పటికి సంగీత నృత్యములతో కూర్చుండదగిన విద్య యైనది.

అట్లగుటకు కారణము రాజముద్ర కాదు. ఒజ్జలు తమ తాలింఖానాలలో మెల్లమెల్లగా కల్పించుకొన్న సాధనములును, నియమములును. చంపుట నేర్పువానికి ఒక వింత యిబ్బంది కలదు. తన శిష్యుడు పాఠమునందే చావకూడదు. కావున మొన మొండిగా జేసి, చివర తోలు కప్పిన బుడిపె తొడిగిన తేలిక కత్తిని సిద్ధము చేసిరి. దానినే ఇంగ్లీషున ఫాయిలు అందురు. కండ్లకు అపాయము రాకుండ ముఖమును గుఱిగా పెట్టుకొనుట మాన్పించి, రొమ్మును మాత్రమే గుఱిగా నిర్ణయించిరి. 18వ శతాబ్ది ఉత్తరార్ధమున తీగెల ముసుగు వాడుకలోనికి వచ్చినది. దానిని ప్రవేశపెట్టిన ఘనత పారిసు ఒజ్జ లా బోయసియేర్‌దని ప్రతీతి.

వీనికన్న ముఖ్యమైనది ఒక నియమము. ఒకడు చేయి చాచి ముందుగా పోటు సాగించినచో, రెండవవాడు మొదట దానిని తన కత్తితో తొలగించుకొని, ఆ పిమ్మటనే ఎదురుపోటు వేయవలెను. తొలగించుకొనక తానును పొడిచి ఇద్దఱికిని తగిలినచో, ఆ దెబ్బ అతని లెక్కలోనికి రాదు. ఆటలో బుడిపెగల కత్తి తగిలినను ప్రాణము పోదు గదా, తానును పొడువరాదా యని తోచవచ్చును. కాని ఎదిరి చేతనున్నది పదునుకత్తియే యని భావించి నడువుమని ఆ నియమపు టుద్దేశము. నీవు చచ్చి ఇతరుని చంపుట గెలుపు కాదు. ముందు నీ ప్రాణమును కాచుకొనుము. జార్జి సిల్వర్ వేసిన ప్రశ్నకు ఫ్రెంచి ఒజ్జలు రెండు శతాబ్దుల పిమ్మట చెప్పిన జవాబు ఇదియే. ఫాయిలు ఆటకు నేటికిని ఇదియే మూలసూత్రము.

ఈ లా బోయసియేర్ శిష్యులలో అగ్రగణ్యుడు సేన్ జార్జ్. 1745లో కరీబియను సముద్రమందలి గ్వాడెలూప్ దీవిలో పుట్టెను. తండ్రి తోటల యజమాని యగు ఫ్రెంచివాడు. తల్లి నానోన్, ఆఫ్రికా జాతికి చెందిన బానిస. పదుమూడవ యేట ఒజ్జ యింట చేరిన ఈ బాలుడు కొలది యేండ్లలో పారిసులో సాటిలేనివాడని పేరొందెను. రూఆన్ నగరపు ఒజ్జ పికార్ అతని మేనిరంగును బట్టి బహిరంగముగా హేళన చేయగా, వానిని ఎదుర్కొని ఓడించెను. సభలో కర్ణుని కులమడిగిన కథ నెఱిగిన మనకు ఆ యువకుని మనఃస్థితి వేఱుగ చెప్పనక్కరలేదు. ఆయన గొప్ప వాయులీన విద్వాంసుడు, స్వరకర్త కూడ. 1776లో పారిసు ఒపెరాకు అధిపతిగా ఆయన పేరు వచ్చినపుడు, అట్టివాని ఆజ్ఞలకు లోబడజాలమని కొందఱు గాయనీమణులు రాణికి అర్జీ పెట్టిరి, పదవి తప్పిపోయెను. కత్తి మొనకు లేని వర్ణభేదము లోకమునకుండెను.

1787 ఏప్రిలులో లండనులో వేల్సు యువరాజు సముఖమున సేన్ జార్జ్ మఱియొక విచిత్రవ్యక్తితో సాముచేసెను. ఆ వ్యక్తి ఒకనాటి ఫ్రెంచి సైనికుడు, రాయబారి, గూఢచారి యగు దేయోన్. అప్పటికి స్త్రీవేషమున జీవించుచు 58 యేండ్ల వయసున నల్లని గౌను తోడనే బరిలోనికి దిగెను. గెలుపు దేయోన్‌దే. అటుపిమ్మట కత్తిసాము ప్రదర్శనములే దేయోన్‌కు జీవనాధారమైనవి. 1796లో సౌతాంప్టను నగరమున ఎదిరి ఫాయిలు విఱిగి, ఆ విఱిగిన మొన దిగుటతో ఆ జీవనమును ముగిసినది.

లండనున అప్పటికే దొమెనికో ఆంజెలో పాఠశాల ప్రసిద్ధి కెక్కియుండెను. ఇటలీలోని లివోర్నోలో పుట్టిన ఈయన 1763లో అచ్చువేసిన సచిత్రగ్రంథము ఐరోపా అంతటను ఆదరింపబడినది. కత్తిసాము మేనికి చుఱుకుదనమును, నిలువుటకు ఠీవిని, ఆరోగ్యమును ఇచ్చునని చెప్పి, దానిని ద్వంద్వయుద్ధమునుండి వేఱుచేసి చూపినవారిలో ఆయన ప్రముఖుడు. ఆయన వంశీకులు ఆ పాఠశాలను 19వ శతాబ్దిలోను నడిపిరి. అటు ద్వంద్వయుద్ధములు ఇంగ్లండులో పిస్తోలునకు మారి, పిదప అంతరించినవి. ఫ్రాన్సులో మాత్రము కత్తిపోరు చాలకాలము బ్రతికియుండెను. 1967 ఏప్రిలులో గాస్టన్ దఫేర్, రెనె రిబియేర్ అను ఇద్దఱు పార్లమెంటు సభ్యులు సభలో మాట తూలిన కారణమున పారిసు శివారు తోటలో కత్తులతో పోరిరి. రిబియేరునకు రెండు చిన్న గాయములైనంతనే పోరు నిలిపివేయబడినది.

1896లో ఏథెన్సున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదలైనపుడు కత్తిసాము మొదటి వరుసలోనే చోటు సంపాదించినది. జీతమునకు విద్య నేర్పువారికి ఆ క్రీడలలో ప్రవేశము లేకున్నను, ఒక్క కత్తిసాము ఒజ్జలకు ప్రత్యేకముగా ఫాయిలు పోటీ నేర్పాటు చేసిరి. అందు గెలిచిన లియోనిదాస్ పిర్గోస్, ఆధునిక ఒలింపిక్సులో గ్రీసు దేశమునకు మొదటి విజేత. 1924లో స్త్రీలకును ఫాయిలు పోటీ లభించినది. వాల్పుర్గిస్ బొమ్మ గీచిన ఆరువందల యేండ్లకు! దెబ్బ తగిలినదో లేదో తెలుపు విద్యుద్దీపములు 1936లో బెర్లినున ఎపీ అను కత్తిపోటీకి వచ్చినవి. సేబరు అను మూడవ కత్తియందు వేటునకు నేటికిని గౌరవము కలదు. 2021లో టోక్యోలో జరిగిన క్రీడలలో ఆ సేబరుతోనే చెన్నై నగరపు భవానీ దేవి, ఒలింపిక్ కత్తిసామున పాల్గొన్న మొదటి భారతీయురాలై, తన మొదటి పోటీని గెలుచుకొనెను.

ఇంతటితో ప్రమాదము తొలగినదా? 1982లో రోమున ప్రపంచపోటీలు జరుగుచుండగా సోవియట్టు దేశపు ఫాయిలు వీరుడు వ్లదీమిర్ స్మిర్నోవ్ ఎదిరి కత్తి విఱిగి ముసుగును చీల్చుకొనిపోవుటచే మరణించెను. దేయోన్‌ను గాయపఱచిన విఱిగిన మొనయే, దాదాపు రెండువందల యేండ్ల పిమ్మట మఱియొక ప్రాణమును గొన్నది. అటుపిమ్మట ముసుగు తీగెలకును, అంగీల గుడ్డకును, కత్తుల ఉక్కునకును పరీక్షలు కఠినతరమైనవి. మొదటి ఒజ్జ మొదటి కత్తికి బుడిపె తొడిగినపుడు ప్రారంభమైన పని యింకను సాగుచునే యున్నది.

ఇక మఱచిపోయిన విద్య మాట. పెద్దకత్తి, చిన్నడాలు, రేపియరు సాములు గురుపరంపర తెగి నశించినవి. 1885లో ఎగర్టన్ కాసిల్ ఈ ఒజ్జల చరిత్రను వ్రాసెను; ఆయన మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ హటన్ పాతగ్రంథములు ముందుంచుకొని ఆ సాములను మరల చేసి చూపెను. నేడు పెక్కు దేశములలో ఔత్సాహికులు మేయర్‌ను, ఫియోరెను చదివి అభ్యాసము చేయుచున్నారు. పుస్తకము నిలుకడను చూపగలదు, పేరును చెప్పగలదు; శిష్యుని మణికట్టును పట్టుకొని ‘ఇంత కాదు, ఇంతే’ యని సరిదిద్దజాలదు. అందుచేతనే వారు ఒక్క బొమ్మను గూర్చి యేండ్ల తరబడి వాదించుకొందురు. అయినను, అప్పులపాలై మరణించిన కమ్మరి గ్రంథము నాలుగున్నర శతాబ్దుల పిమ్మట క్రొత్తశిష్యులను కూర్చుకొనుట చిన్న సంగతి కాదు.

కత్తి కట్టుకొని వీథిని నడుచువారు నేడు లేరు. కత్తితో గౌరవమును నిలుపుకొనువారును లేరు. వారితోపాటు ఒజ్జలును పోయియుండవలసినది. పోలేదు. వారు నేర్పినదానిలో చంపుట యనునది కాలముతో రాలిపోయినది. దూరమును కనిపెట్టుట, తొందరపడకుండుట, ఎదిరి మనసును చదువుట, ముందు తన్ను తాను కాచుకొనుట నిలిచినవి. నేటికిని ఆటకు ముందు ఇద్దఱును ముసుగు తీసి, ఒకరి ముఖ మొకరు చూచి, కత్తి పైకెత్తి వందనము చేయవలెను. ఆ వందనము చేయనివానికి ఆటలో అడుగుపెట్టు హక్కు లేదు.